ఉత్తరం వైపు కారుతోంది

ఆ మంగళవారం పొద్దున రొజేర్ వేసుకున్న పథకంలో ఎవరి సాయమూ అక్కర్లేదు. అదే దాని అందమని అతను మురిసిపోయాడు. ఆరింటికి వంటింట్లో కట్టెల పొయ్యి రాజెయ్యాలి. వెడల్పాటి రేకు పళ్ళెం దానిమీద పెట్టాలి. వారం రోజులుగా మంచులో దాచిన ఎనిమిది పాల క్యాన్ల నీళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి అందులో పోస్తూ, చీకటిపడే దాకా కాచి పాకం తియ్యాలి. చివరికి నాలుగు లీటర్లు మిగులుతుంది. అర లీటరు డబ్బాలు ఏడు నిండగా, మిగిలింది తనకీ భార్య ఫెర్నాండ్‌కీ.

మా బోస్ కొండల్లో మేపుల్ చెట్టు నుంచి కారేదాన్ని రసమని ఎవరూ అనరు. నీళ్ళంటారు. చూడటానికి అవి నీళ్ళే. బావి నీళ్ళ పక్కన పెడితే ఇక్కడ పుట్టి పెరిగినవాడు కూడా నాలుక మీద వేసుకోకుండా తేడా చెప్పలేడు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు మొదలైతే, మార్చి నెలలో ఎవరైనా ఎవరికైనా "కారుతోంది" అంటే చాలు. ఏం కారుతోందని అడిగాడంటే వాడు పట్నంవాడన్నమాట.

ఏడు డబ్బాలెందుకంటే, మూడో వరస అని మేం పిలిచే ఆ రోడ్డు వెంట రొజేర్ ఇల్లు పోగా ఏడిళ్ళున్నాయి. జనవరిలో పశువుల కొట్టం కప్పు మీద మంచు తోస్తూ అతను జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు మంచం దిగలేదు. ఆ ఆరు వారాలూ అతని పదకొండు ఆవుల్నీ ఆ ఏడిళ్ళవాళ్ళూ వంతులేసుకుని చూసుకున్నారు. పక్కింటి ఒనేజిమ్‌కైతే వంతుతో పనే లేదు. రోజూ తెల్లవారుజామున వచ్చి, పాలు పితికి, క్యాన్లు రోడ్డు పక్కన పెట్టి, ఫెర్నాండ్ పోసిన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయేవాడు.

రొజేర్‌కి ఈ సంగతి గుండెల్లో బరువుగా కూర్చుంది. నోటితో చెప్పటం అతనికి చేతకాదు. ఒకసారి ప్రయత్నించాడు కూడా. "ఒనేజిమ్, నువ్వు నాకు చేసింది..." అని మొదలుపెట్టాడు. గొంతు పట్టేసింది. "...ఆ ఎర్రావు తన్నుతుంది, జాగ్రత్త" అని ముగించాడు.

అందుకే ఈ డబ్బాలు.

"వాళ్ళందరికీ వేలకి వేల చెట్లున్నాయి," అంది ఫెర్నాండ్, పళ్ళెం తోముతూ. "పాకం వాళ్ళు పీపాల్లో తీస్తారు. నీకున్నవి రోడ్డు పక్క పద్నాలుగు చెట్లు. జాలరి ఇంటికి చేప పట్టుకెళ్ళినట్టుంటుంది."

"ఉండనీ. ఇది నా చేత్తో కాచింది. ఎవరి సాయమూ లేకుండా కాచింది. ఇన్నాళ్ళూ అందరితో చేయించుకున్నా, చాలు."

"వంటింట్లో కాస్తే ఆవిరికి గోడకి అంటించిన కాయితం ఊడొస్తుంది."

"కిటికీ తెరిచిపెడతా."

"కిటికీ తెరిస్తే నేను గడ్డకడతా."

"కోటు వేసుకో," అన్నాడు రొజేర్. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అతను ఇచ్చిన సలహాలన్నీ దాదాపు ఈ పాటివే.

పది గంటలకల్లా వంటిల్లు ఆవిరితో నిండిపోయింది. ఒకరి ముఖం ఒకరికి కనబడటం లేదు. రెండు క్యాన్లు పళ్ళెంలోకి వెళ్ళాయి. మిగతా ఆరూ రొజేర్ లోపలికి లాక్కొచ్చి తలుపు వెనక వరసగా నిలబెట్టాడు. పళ్ళెంలోని నీళ్ళు లేత బంగారు రంగు తిరుగుతున్నాయి. చేతికర్ర మీద వాలి నిలబడి, రొజేర్ ఏ ఇంటికి ముందు వెళ్ళాలా అని ఆలోచిస్తున్నాడు. ఒనేజిమ్ ఇంటికే, సందేహం లేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. వారం రోజుల కిందటి ఎండకి రోడ్డు పక్క చెట్లు మూడు రోజులు కారాయి గానీ, ఆ తర్వాత చలి మళ్ళీ బిగుసుకుంది. అడవి లోపలున్న అందరి తోపుల్లోనూ ఇంకా చుక్క పడలేదు. వరస వరసంతా చెవులు నిక్కబొడుచుకుని కూర్చుంది. అదే చలికి రొజేర్ ఇంట్లో ఉత్తరం గోడలోని గొట్టం కూడా గడ్డకట్టింది. నాలుగు రోజులుగా సింకులో నీళ్ళు లేవు, కింద నేలమాళిగలో పంపు దగ్గరే పట్టుకుంటున్నారు. గడ్డకట్టిన గొట్టం ఊరికే గడ్డకట్టి ఊరుకోదు, చీలుతుంది. చీలినట్టు మాత్రం కరిగినప్పుడే తెలుస్తుంది. ఆ మంగళవారం ఆ వంటింట్లో ఉన్నంత వేడి అంతకుముందెప్పుడూ లేదు.

పదింబావుకి సింకు కింద ఫట్‌మని చప్పుడైంది.

"కొంప మునిగింది!" అని అరిచింది ఫెర్నాండ్. ఆ మాట మనం రోజుకి పదిసార్లు అంటాం గానీ, ఇంత కచ్చితంగా వాడినవాళ్ళు తక్కువ. ఆమె కింద బకెట్ పెట్టింది. నిండింది. ఇంకోటి పెట్టింది. పంపు ఆపాలంటే నేలమాళిగలోకి దిగాలి. నిటారు నిచ్చెనమెట్లు రొజేర్ కాలు దిగలేదు. నీళ్ళు పట్టుకోవటం తప్ప, ఏ మీట తిప్పితే పంపు ఆగుతుందో ఫెర్నాండ్‌కి తెలియదు. ఆమె తమ్ముడు లియోపోల్‌కి తెలుసు. వరస మొత్తంలో గొట్టాల పని తెలిసినవాడు అతనొక్కడే. రొజేర్ కుంటుకుంటూ టెలిఫోన్ దగ్గరకి పరిగెత్తాడు.

అప్పట్లో మూడో వరసలోని ఎనిమిదిళ్ళకీ కలిపి ఒకటే తీగ. ఎవరికి ఫోనొచ్చినా అన్నిళ్ళలోనూ మోగేది. ఎన్నిసార్లు మోగితే ఎవరిదో ఒక లెక్క ఉండేది. ఆ లెక్క అందరికీ వచ్చు, పాటించేవాళ్ళే లేరు; ఎవరికి మోగినా అందరూ ఎత్తి వినేవాళ్ళు.

"లియోపోల్! నేనయ్యా, రొజేర్ని! కారుతోంది!"

"ఏంటీ! కారుతోందా బావా? ఎప్పట్నుంచి?"

"ఇప్పుడే మొదలైంది!"

"గట్టిగానేనా?"

"గట్టిగానా! ధార కట్టింది! బకెట్ పెట్టటం ఆలస్యం, నిండిపోతోంది!"

"అబ్బబ్బబ్బ! ఏ వైపు బావా?"

"ఉత్తరం వైపు!"

తీగ మీద ఒక్క క్షణం ఎవరూ ఊపిరి తియ్యలేదు. ఉత్తరం వైపు చెట్లు ఎప్పుడూ అన్నిటికంటే ఆఖరున కారతాయి.

"ఉత్తరం వైపే అలా ఉంటే ఇంక దక్షిణం సంగతి చెప్పాలా!" అన్నాడు లియోపోల్ గద్గదంగా.

"దక్షిణం వైపు చుక్క లేదయ్యా, ఉన్నదంతా ఉత్తరమే! నువ్వు త్వరగా రా. ఈ కాలుతో నా వల్ల కావట్లేదు!"

"నువ్వేం కంగారుపడకు బావా. నేనొస్తున్నా. అందరం వస్తున్నాం. నీ నీళ్ళు ఒక్క చుక్క నేలపాలు కానివ్వం."

"అయ్యేవి ఎప్పుడో అయ్యాయి, నువ్వు రా ముందు!"

రొజేర్ ఫోన్ పెట్టెయ్యబోయాడు. తీగ మీద ఇంకో ఆరిళ్ళలో ఫోన్లు పెట్టేసిన టిక్కులు వినబడ్డాయి. ఆ గాభరాలో అతను పట్టించుకోలేదు.

అరగంటలో వాకిట్లో ఏడు బళ్ళు ఆగాయి. మొదటి కారిక, అంటే చెట్లు తొలిసారి కారటం, వచ్చిందంటే మా వైపు ఊరుకోరు. చేతిలో ఉన్న పని వదిలేసి ఆ ఇంటికి వెళ్ళాలి, తిని, పాడి, నీళ్ళు మొయ్యటానికి ఓ చెయ్యి వెయ్యాలి. ఒనేజిమ్ భార్య అల్ఫోన్సిన్ పొగబెట్టిన పందితొడ మాంసంతో, రెండు డజన్ల గుడ్లతో దిగింది. ఇంకెవరో ఉడికిన చిక్కుడు గింజల కుండ తెచ్చారు. అందరికంటే ముందు లియోపోల్. పనిముట్ల పెట్టె తేలేదు. అకార్డియన్ తెచ్చాడు. తలుపు తన్ని తెరిచి, పూర్తి శ్రుతిలో వాయిస్తూ వంటింట్లోకి అడుగుపెట్టాడు.

అడుగు తపుక్కుమంది. అకార్డియన్ మూలుగుతూ ఆగిపోయింది.

"బావా," అన్నాడు, బూట్ల చుట్టూ చేరిన నీళ్ళకేసి చూస్తూ. "కారుతోంది అన్నది ఇదా?"

"మరేమనుకున్నావు?" సింకు కింది అరలోంచి రొజేర్ గొంతు వచ్చింది. చీలిన చోట గుడ్డ అదిమిపట్టుకుని అతను నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. తల, భుజాలు అర లోపల, విరిగి అతికిన కాలు బయట.

వచ్చినవాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ మా మూడో వరసవాళ్ళకి ఒక జబ్బు ఉంది. సాయం చెయ్యాలంటే ఎవరినీ అడగరు. కోట్లు ఊడాయి, చేతులు పైకి మడిచారు. లియోపోల్‌కి లాంతరు పట్టుకుని ఫెర్నాండ్ నేలమాళిగలోకి దిగింది.

"వద్దండీ, మేం చూసుకుంటాం! మీరు కూర్చోండి!" అని అరిచాడు రొజేర్ అరలోంచి.

ఎవరు కూర్చుంటారు? ఒనేజిమ్ ఆవిరిలో తడుముకుంటూ చుట్టూ చూశాడు. నేల మీద నిండు బకెట్లు నాలుగు. తలుపు వెనక నిండు పాల క్యాన్లు ఆరు. పాపం, బకెట్లు చాలక క్యాన్లలోకి కూడా పట్టుకున్నారనుకున్నాడు. అతని మనసు కలుక్కుమంది. అయినా మర్యాదస్తుడు, అడిగాడు.

"రొజేర్! ఈ నీళ్ళన్నీ ఏం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యటమేంటి? బయట పారబొయ్యండి!"

"అన్నీనా?"

"అన్నీ! ఒక్క చుక్క ఇంట్లో ఉండకూడదు!"

నలుగురు మగవాళ్ళు క్యాన్లు భుజానికెత్తారు. బలంగల మనుషులు, మంచి మనుషులు. వాకిట్లో మంచు మీద అన్నీ బోర్లించి, ఆఖరి చుక్క కూడా దులిపి, క్యాన్లు కడిగినంత శుభ్రంగా తెచ్చి మళ్ళీ వరసగా నిలబెట్టారు.

ఈలోగా అల్ఫోన్సిన్ నేల సంగతి చూసుకుంది. బురద బూట్లు ఇరవై దాకా తిరిగిన నేల, ఆ మురికి చన్నీళ్ళకి పోదు. పొయ్యి మీద పెద్ద పళ్ళెంలో వేడినీళ్ళు మరుగుతూనే ఉన్నాయి. ఫెర్నాండ్ ఎంత ముందుచూపున్న ఇల్లాలో అనుకుని, రెండు బకెట్లు ముంచి, సబ్బు వేసి, నేలంతా పోసి, మోకాళ్ళ మీద కూర్చుని మూల మూలా రుద్దింది.

కింద పంపు ఆగింది. రొజేర్ అరలోంచి బయటికి పాకి, తడిసిన జుట్టుతో లేచి నిలబడ్డాడు. తెరిచిన తలుపులోంచి ఆవిరి మెల్లగా పలచబడింది. మొదట పిల్లి కనబడింది. అది నేల నాకుతోంది. వదలకుండా, కళ్ళు మూసుకుని, భక్తిగా నాకుతోంది.

"దీనికేమైంది?" అని ఒనేజిమ్ ముందుకు అడుగు వెయ్యబోయాడు. కాలు వచ్చింది, బూటు రాలేదు. వంగి బూటు పీకాడు. చప్పుడు చేస్తూ ఊడొచ్చింది. అడుగు భాగాన్ని వేలితో తడిమి, ఆ వేలు వాసన చూసి, నాలుక మీద పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళుగా పాకం తింటున్న నాలుక అది, సబ్బున్నా పోల్చుకుంది. ఒనేజిమ్ మెల్లగా తలుపు వెనక ఖాళీ క్యాన్లకేసి తిరిగాడు.

"రొజేర్... ఆ క్యాన్లలో ఉన్నది ఏ నీళ్ళు?"

రొజేర్ క్యాన్లు చూశాడు. వాకిట్లో మంచు మీద గుంటలు చూశాడు. కుర్చీలో కూర్చున్నాడు.

చెప్పింది ఫెర్నాండే. నేలమాళిగ మెట్లెక్కి వచ్చి, ఒక్క చూపులో అంతా గ్రహించి, లాంతరు చేతిలో పట్టుకునే చెప్పేసింది. "మీకోసమే. తలా ఒక డబ్బా ఇద్దామని. తన చేత్తో కాచి, ఎవరి సాయమూ లేకుండా. మూడు రోజులు కర్రపట్టుకుని మంచులో ఒక్కడే మోశాడు. మీకు ముందే తెలియకూడదన్నాడు."

ఎవరూ కదల్లేదు. కదలాలన్నా బూట్లు రావాలిగా. పారబోసిన నలుగురూ తమ చేతులకేసి చూసుకున్నారు. అల్ఫోన్సిన్ నేల రుద్దిన గుడ్డ ఎక్కడ పెట్టాలో తెలియక వీపు వెనక దాచుకుంది.

అప్పుడు రొజేర్ నోరు తెరిచాడు. బహుశా పోయేదింకేమీ లేకపోవటం వల్ల ధైర్యం వచ్చిందేమో.

"ఆరు వారాలు నా ఆవుల్ని మీరు బతికించారు," అన్నాడు. "ఒక్కరు విసుక్కోలేదు. మంచం మీద పడుకుని రోజూ తెల్లారుజామున నీ బకెట్ చప్పుడు వినేవాణ్ణి ఒనేజిమ్. ఆ చప్పుడు వింటే నాకు ఏడుపొచ్చేది. లేచాక ఏదో చెయ్యాలనుకున్నా. ఏం చేశాను? మళ్ళీ మీ చేతే నా నేల తుడిపించా."

ఒనేజిమ్ గొంతు సవరించుకున్నాడు. అతను కూడా మాటల మనిషి కాదు.

"ఎర్రావు నిజంగానే తన్నింది," అన్నాడు. "రెండుసార్లు."

మొదట నవ్వింది అల్ఫోన్సిన్. ఆ తర్వాత ఎవరు ఆగారు? పళ్ళెం అడుగున మిగిలింది మాడకుండా ఫెర్నాండ్ లాగేసింది. రెండు లోటాల కంటే ఎక్కువ లేదు. దాన్నే ముదరబెట్టి వాకిట్లో శుభ్రమైన మంచు మీద తీగలుగా పోశారు. పుల్లకి చుట్టుకుని అందరూ తలా ఒక చప్పరింపు చప్పరించారు. పందితొడ మాంసం వేగింది, గుడ్లు వేగాయి, అకార్డియన్ మళ్ళీ శ్రుతికి వచ్చింది. రొజేర్ అందర్నీ చూస్తూ కూర్చున్నాడు. తను ఎంత అదృష్టవంతుడో అతనికి బాగా తెలుస్తోంది. తెలిసినకొద్దీ బాధ ఎక్కువైంది. ఆరు వారాల పాలపితుకుడికి ఒక్క పుల్ల ఏపాటి?

మర్నాడు అసలు కారిక మొదలైంది. వరస వరసంతా కారింది. రొజేర్ బకెట్లు తీసుకుని బయల్దేరబోతే ఫెర్నాండ్ తలుపుకి అడ్డం నిలబడింది. "నా వంటింట్లో ఇక నువ్వు గుడ్డు కూడా ఉడకబెట్టవు." వాకిట్లోకి వెళ్ళి చూస్తే ఒనేజిమ్ అప్పటికే అతని చెట్ల దగ్గరున్నాడు. ఏడిళ్ళవాళ్ళూ మాట్లాడేసుకున్నారట. రోజుకొకరు రొజేర్ చెట్ల నీళ్ళు పట్టుకెళ్ళి తమ తోపులో పాకం కాచే కొట్టంలో కాచి పెట్టాలని.

"కాలు చాపుకుని కూర్చో," అన్నాడు ఒనేజిమ్. "నీ నీళ్ళు పారబోసిన పాపం ఉంది మాకు."

పది రోజుల తర్వాత వంటింటి బల్ల మీద ఏడు డబ్బాలు చేరాయి. ఏడూ లీటరు డబ్బాలు, ఒకే దుకాణంలో కొన్నవి, ఏ గుర్తూ లేనివి. రొజేర్ వాటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"నీళ్ళు నావి," అన్నాడు చివరికి. "కాచింది వాళ్ళు. నీళ్ళు నావైనప్పుడు నేనివ్వచ్చు కదా?"

"ఇవ్వచ్చు," అంది ఫెర్నాండ్. "కానీ ఎవరు కాచింది వాళ్ళకే ఇస్తే బాగోదు. ఒకరిది ఇంకొకరికి ఇవ్వు. అల్ఫోన్సిన్‌ది ఏది?"

"అది నీకు తెలుసనుకున్నా."

"నేను నీకు తెలుసనుకున్నా."

తోచినట్టు పంచేశారు. ఒనేజిమ్ గుమ్మం దగ్గర రొజేర్ టోపీ తీసి నిలబడ్డాడు. ఈసారి గొంతు పట్టెయ్యలేదు. "నా ఆవుల్ని బతికించావు. నీకు రుణపడి ఉన్నా. ఇది తీసుకో," అన్నాడు, ఒక్క ఊపిరిలో. ఒనేజిమ్ తీసుకున్నాడు, తల ఊపాడు, తలుపు వేసుకున్నాడు. ఇంటికి నడిచివస్తుంటే రొజేర్‌కి కాలి నొప్పి తెలియలేదు. అయినా మనసులో ఒక మూల పీకుతూనే ఉంది. అందరి పాకాలూ అటువి ఇటు మార్చినంత మాత్రాన ఎవరికేం ఒరిగింది?

ఈస్టర్ నాడు చర్చి మెట్ల మీద అల్ఫోన్సిన్ ఫెర్నాండ్‌ని పక్కకి పిలిచింది. పక్కకే గానీ, ఆమె గొంతు చిన్నది కాదు.

"వదినా, నీళ్ళకి వంక పెట్టను. మీ చెట్లు బంగారం. కానీ మాకొచ్చిన డబ్బా కాచిందెవరో గానీ, వాళ్ళకి కాచటం రాదమ్మా. ఎప్పుడు దించాలో తెలియదు, మాడ్చేశారు. పేరు అడగను. పాపం, ఆ ఇంటాయన ఎలా తింటున్నాడో!"

ఆ డబ్బా ఎవరు కాచిందో ఫెర్నాండ్‌కి అప్పుడర్థమైంది. నవ్వు బయటికి రాకుండా పెదవులు బిగపట్టింది. భార్య వెనకే నిలబడి ఉన్న ఒనేజిమ్‌కి మాత్రం మొదటి చెంచాకే అర్థమైంది. అతను చర్చి గోపురంకేసి ఒకసారి చూసి, నాలుగు మెట్లు దిగి వచ్చి, రొజేర్ కుడిచేతిని తన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"థాంక్స్," అన్నాడు.

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో తను అనలేకపోయిన మాటను భార్య నోటితోనే అనిపించిన మనిషి చేతిని ఒనేజిమ్ చాలాసేపు వదల్లేదు.